టీచరమ్మ తప్పుల పుస్తకం

ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు పంపిన ఉత్తరంలో ఉన్నవి మూడే పేరాలు. మొదటి పేరాలో మర్యాద, మూడో పేరాలో మర్యాద. మధ్య పేరాలో డ్రైవింగ్ టీచరు కొంప ముంచారు. ఆవిడ దాన్ని గుమ్మంలోనే నిలబడి, చెప్పులైనా విప్పకుండా రెండుసార్లు చదివింది.

కిందటి నెల పద్నాలుగో తేదీన మీ శిక్షణ కారు ముందున్న కారును ఢీకొన్న ఘటనలో అవతలి కారులోని నలుగురికి మెడనొప్పి, నడుమునొప్పి కలిగినందున, తప్పు మీ వైపే ఉందని మేము అంగీకరించి వారితో వ్యవహారం ముగించాము, అని ఉంది. నలుగురట. ఆ రోజు ఆ వెండిరంగు కారులోంచి దిగింది ఒక్కడు. ఆ ఒక్కడూ దిగి, రెండు బంపర్లకీ ఫోటోలు తీసుకుని, ఇన్సూరెన్సు నంబరు అడిగి రాసుకుని, ఏం పర్లేదండీ అని నవ్వి మరీ వెళ్ళాడు. మిగతా ముగ్గురూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో ఆ మధ్య పేరాలో ఎక్కడా లేదు.

నొప్పులు వాళ్ళవే అయినా దెబ్బ మాత్రం ఈవిడకే తగిలింది. మనుషులకు గాయాలైన ప్రమాదం టీచరు ఖాతాలో పడితే ఏడాదిపాటు నేర్పడానికి వీల్లేదు. అది రూలు. ఆవిడ టీచరు లైసెన్సు గడువు నెలాఖరుతో తీరిపోతోంది. కొత్తదానికి పెట్టే దరఖాస్తుకి ఇన్సూరెన్సు వాళ్ళిచ్చే కాగితం జత చెయ్యాలి. ఆ కాగితం మీద ఇప్పుడు నలుగురి మెడలు వేలాడుతున్నాయి. పదకొండేళ్ళుగా చేస్తున్న పని, ఇంకో పని చేతకాని మనిషి. ఆవిడ అక్కడే గడప మీద కూర్చుని ఉత్తరం మూడోసారి చదివింది.

పై వాటాలో ఉండే ఆడపడుచు ఆస్పత్రిలో రికార్డుల సెక్షన్లో పని చేస్తుంది. కాగితం కనిపిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు లాగందే ఊరుకోదు. ఉత్తరం చదివి, ఒళ్ళు మండి, ఆ పూటే కూర్చుని నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పంపేసింది. ఒక్కడున్న కారులో నలుగురికి నొప్పులెలా వచ్చాయి, వాళ్ళని ఏ డాక్టరు చూశాడు, మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా తప్పు మాదేనని మీరెలా ఒప్పుకుంటారు, ఇలా పద్ధెనిమిది ప్రశ్నలు వేసింది. ప్రతి ప్రశ్నకీ నంబరు కూడా వేసింది. "నువ్వు ఊరికే బెంబేలెత్తకు వదినా. వీళ్ళ సంగతి నేను తేలుస్తాగా" అని భుజం తట్టింది.

వదిన బెంబేలు తగ్గలేదు. తగ్గకపోవడానికి ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియని కారణం ఒకటుంది. ఆ టక్కుమన్న చప్పుడు వచ్చినప్పుడు ఆవిడ రోడ్డు చూడడం లేదు. తల వంచుకుని నోటుబుక్కులో రాసుకుంటోంది. కారు రోడ్డు మీద ఉండగా టీచరు రాయకూడదు. ఆ సంగతి పదకొండేళ్ళుగా ఆవిడకి తెలుసు, పదకొండేళ్ళుగా రాస్తూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక ముక్క, రైలు గేటు దగ్గర ఒక ముక్క. తలెత్తి చూసేసరికి ముందు కారు తమ కారుకి ఆనుకుని ఉంది. స్టీరింగ్ పట్టుకున్న మనిషి బిగుసుకుపోయి ఉంది.

ఆ మనిషిని వదినా మరదళ్ళిద్దరూ కళ్ళద్దాలావిడ అనేవాళ్ళు. కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. యాభై నాలుగేళ్ళొచ్చాక డ్రైవింగ్‌కి వచ్చింది. ఆవిడ భర్తకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇన్నాళ్ళూ ఇంటికొచ్చి తీసుకెళ్తున్న ఆస్పత్రి వ్యాను ఒకటో తారీకు నుంచి రాదని చెప్పేశారు. అందుకని నేర్చుకుంటోంది, కానీ ఎంత భయమో చెప్పలేం. పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి పచ్చలైటు పడినా కదల్లేదు. రెండోసారి పక్కన కూర్చున్న ఆఫీసరు దగ్గితే, ఆపమన్నాడేమోనని నడిరోడ్డు మీద కారు ఆపేసింది. మూడో పరీక్ష వచ్చే శుక్రవారం.

సోమవారం పొద్దున్న ఇన్సూరెన్సు వాళ్ళ ఫిర్యాదుల ఆఫీసరు ఫోన్ చేశాడు. జలుబు చేసిన గొంతు, మాట మాత్రం మెత్తన. నలుగురన్నది తమకూ నమ్మబుద్ధి కావడం లేదని వెంటనే ఒప్పేసుకున్నాడు. కాకపోతే ఇంత చిన్న వ్యవహారాన్ని తవ్వుకుంటూ కూర్చుంటే తవ్వడానికే ఎక్కువ ఖర్చవుతుందట, అందుకని ఇలాంటివి ఎంతో కొంత ఇచ్చి తెగ్గొట్టేస్తారట. ఇక గుద్దిందెవరన్న విషయంలో అసలు అనుమానమే లేదన్నాడు.

"ఎందుకు లేదండీ?" అంది టీచరు.

"మీ చేతిరాతే ఉంది కదా మేడం. 'ఎత్తు మీద సిగ్నల్ దగ్గర నేను బ్రేకు ఆలస్యంగా నొక్కాను. ముందు కారుకు తగిలాం.' ఆ రోజు పాఠం వివరాలు అడిగితే మీరే ఈ పేజీ ఫోటో తీసి పంపారు."

ఏమన్నా చెప్పుకునేది ఉంటే గురువారం మూడింటికి ఆఫీసుకి రమ్మని, ఆ సాయంత్రం ఫైలు మూసేస్తామని చెప్పి, తుమ్మి, ఫోన్ పెట్టేశాడు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఈవిడ అందరు టీచర్లలాగే ఉన్నదున్నట్టు రాసేది. చూపు తప్పు, మలుపు తప్పు, గేరు తప్పు. పాఠం అయ్యాక నేర్చుకునేవాళ్ళు ఆ పేజీ చదివి కింద సంతకం పెట్టాలి. ఒకమ్మాయి అలాగే చదివి, సంతకం పెట్టి, ఇంటికెళ్ళి, మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే, నావల్ల కాదులెండి, నాకే తెలుసు అని ఏడ్చింది. ఆ రోజు నుంచి టీచరు ఎవరి తప్పయినా తన పేరునే రాసుకోవడం మొదలుపెట్టింది. శిక్షణ కారులో టీచరు కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కాబట్టి రాత అతికినట్టు సరిపోయేది. నేను మలుపు సరిగ్గా చెప్పలేదు. నేను అద్దం చూడమనలేదు. నేను బ్రేకు ఆలస్యంగా నొక్కాను. చదివినవాళ్ళ మొహం కాస్త తేటపడేది, మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు. ఈ పద్ధతి ఎవరికీ చెప్పలేదు గానీ, లోపల్లోపల ఆవిడకి దాని మీద చాలా గర్వం.

ఇదంతా విని ఆడపడుచు ఆ పాత పుస్తకాలన్నీ ముందేసుకుని తిరగేసింది. "వదినా, ఇవి చదివినవాడెవడూ నీకు కారు కాదు గదా, తోపుడుబండి కూడా ఇవ్వడు" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆడపడుచు చెప్పింది, దారి ఒక్కటే ఉందని. కళ్ళద్దాలావిడ వచ్చి, కారు నడిపింది నేనే, ఆ కారులో ఒక్కడే ఉన్నాడు అని చెప్పాలి.

"ఆవిడకి ఇదేమీ తెలీదు. శుక్రవారం పరీక్ష. ఇప్పుడెళ్ళి నువ్వు గుద్దినందుకు నలుగురు మంచాన పడ్డారంటే స్టీరింగ్ ముట్టుకుంటుందా?"

"ముట్టుకోకపోతే ఇంకోసారి పరీక్షకి వెళ్తుంది. నీ లైసెన్సు పోతే?"

టీచరు పుస్తకాలన్నీ ఏరి సర్దేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. షిఫ్టు నుంచి వచ్చిన భర్త ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

మంగళవారం పాఠంలో చెబుదామనుకుంది. కళ్ళద్దాలావిడ కారెక్కుతూనే, ఒకటో తారీకున మావారిని నేనే తీసుకెళ్తానని డాక్టరుగారికి చెప్పేశానండీ అంది. నోటి దాకా వచ్చిన మాటని టీచరు మింగేసింది. బుధవారం పాఠం లేదు. ఆ రోజంతా వేరేవాళ్ళకి నేర్పుతూ మూడుసార్లు ఎడమ అనబోయి కుడి అంది, ఒకసారి ఎవరూ గుద్దబోకపోయినా తన బ్రేకు తొక్కింది. కుర్రాడొకడు భయపడి, నేనేం చేశాను మేడం అన్నాడు. ఏం చెయ్యలేదు బాబూ అని, అలవాటు చొప్పున నోటుబుక్కు తీసి, రాయకుండానే మూసేసింది.

గురువారం పొద్దున్న ఆఖరి పాఠం. మూతపడిన గోడౌను పక్కన, బళ్ళు తిరగని వీధిలో కారు ఆపించింది. కళ్ళద్దాలావిడ గేరు తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. టీచరు ఇక తట్టుకోలేక మొత్తం చెప్పేసింది. ఉత్తరం, నలుగురి మెడలు, నెలాఖరు గడువు, పుస్తకంలో తప్పులు తన పేరున రాసుకునే పద్ధతి, అన్నీ. చివర్న, మీ తప్పేం లేదమ్మా, కొత్తవాళ్ళకి ఎత్తు మీద కారు కాస్త ముందుకి దూకడం మామూలే, మీరు దిగులు పెట్టుకోకండి అని కూడా కలిపింది.

కళ్ళద్దాలావిడ అద్దంలోంచి ముందుకే చూసింది. ఏడుస్తుందేమోనని టీచరు సంచిలో రుమాలు వెతికింది.

"నేను ఆపానండీ" అంది ఆవిడ.

"అవునమ్మా, ఆపారు, కానీ..."

"కానీ లేదు. నేను ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు బ్రేకు మీదే ఉంచాను. మీరు రాసుకుంటున్నారు. ఆ ముందు కారే వెనక్కి జారింది. హారన్ కొడదామని చెయ్యి ఎత్తేలోపే వచ్చి తగిలింది."

మరి ఆ రోజే చెప్పలేదేమమ్మా అని మాత్రం అడగగలిగింది టీచరు.

"చెప్పబోయాను. మీరు నా చెయ్యి పట్టుకుని, తప్పు నాది, నేనే బ్రేకు ఆలస్యంగా నొక్కానన్నారు. పదకొండేళ్ళుగా నేర్పుతున్న మనిషి అలా అంటే ఏమనుకోవాలి? నేనేదో చేసే ఉంటాను, పాపం కప్పిపుచ్చుతున్నారు అనుకున్నాను. ఆ రోజు నుంచి పడుకుంటే అదే ఆలోచన. నా కాలు బ్రేకు మీద ఉందా, ఉందని నేను అనుకుంటున్నానా? నా కాలుని నేనే నమ్మడం మానేశాను." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది టీచరుకి. "మా షాపులో కళ్ళు పరీక్ష చేస్తానా, ఎవరైనా పెద్దాయన అక్షరం తప్పు చదివితే జాలిపడి సరే అననండీ. సరే అన్నానంటే ఆయనకి తప్పుడు అద్దాలు వెళ్తాయి. ఒకసారి ఆ పుస్తకం ఇవ్వండి."

టీచరు ఇచ్చింది. కళ్ళద్దాలావిడ తన పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పుతూ చదివింది. మొత్తం ముప్పై ఒక్క పాఠాలు.

"నా తప్పులన్నీ మీ పేరున ఉన్నాయి. నేను సరిగ్గా చేసింది ఏ పేజీలో ఉందండీ?"

ఏ పేజీలోనూ లేదు. సరిగ్గా చేసింది రాయాలని టీచరుకి ఎన్నడూ తోచలేదు. క్షమించమని అడగాలనుకుంది, కానీ అది కూడా తప్పు తన మీదేసుకునే పాత అలవాటులాగే వినిపిస్తుందేమోనని భయమేసి నోరు మెదపలేదు. కళ్ళద్దాలావిడ పుస్తకం తిరిగిచ్చి, కారు స్టార్ట్ చేసి, మూడింటికే కదా, నేనొస్తాను అంది.

ఇన్సూరెన్సు ఆఫీసు నాలుగో అంతస్తు. టోకెన్ తీసుకుని గాజు గదుల ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి. మూలనున్న ప్రింటరు నిమిషానికోసారి ఏదో కక్కుతోంది. అది కక్కిన ప్రతిసారీ తన కాగితమేనేమోనని టీచరు తలెత్తి చూసింది. నంబరు పిలిచారు.

ఫిర్యాదుల ఆఫీసరు ఎర్రటి ముక్కుతో, ముందు ఒక టిష్యూ డబ్బాతో కూర్చుని ఉన్నాడు. ఆడపడుచు రాసిన పద్ధెనిమిది ప్రశ్నలూ బల్ల మీద ఉన్నాయి, అక్కడక్కడా పసుపురంగు గీతలతో. టీచరు పాత పుస్తకాలు తీసి వరసగా పేర్చి, తన పద్ధతి ఏమిటో చెప్పింది. ఆయన రెండు మూడు పేజీలు తిప్పి కనుబొమలు ఎగరేశాడు.

"అంటే ఇందులో రాసిందంతా అబద్ధమా మేడం?"

"తప్పులన్నీ నిజమేనండీ. చేసిన మనిషి పేరే అబద్ధం."

"మరి ఆ రోజు సిగ్నల్ దగ్గర మీరేం చూశారు?"

ఇన్నాళ్ళూ ఆవిడ భయపడింది ఈ ఒక్క ప్రశ్నకే. ముందు కారు జారడం చూశానంటే సరిపోతుంది, పక్కనే సాక్షి ఉంది, కాదనేవాళ్ళు లేరు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కళ్ళద్దాలావిడ తన వైపు చూడడం లేదు, ఎదురుగోడ మీద క్యాలెండరు చూస్తోంది.

"ఏమీ చూడలేదండీ. తల వంచుకుని రాసుకుంటున్నాను. రాయకూడదు, తెలుసు."

"చూడకుండానే ఈవిడ గుద్దారని ఎలా అనుకున్నారు?"

"భయపడే మనిషి కదా. ఆవిడే చేసి ఉంటుందనుకున్నాను."

ఆ మాట ఆ మనిషి పక్కనుండగా చెప్పడం పదకొండేళ్ళలో ఆవిడ చేసిన పనులన్నిట్లోకీ కష్టమైంది. ఆఫీసరు ముక్కు తుడుచుకుని కళ్ళద్దాలావిడ వైపు తిరిగాడు. ఆవిడ జరిగింది జరిగినట్టు, పొద్దున చెప్పినట్టే, ఒక్క ముక్క ఎక్కువా తక్కువా లేకుండా చెప్పింది. ఆ కారులో ఉన్నది ఒక్కడేనని, వెనక సీటులో తలలేవీ కనపడలేదని కూడా చెప్పింది. ఆయన ఫైలు తిరగేసి, ఆ పేజీ కింద మీరే సంతకం పెట్టారు కదండీ, అంటే ఒప్పుకున్నట్టే కదా అన్నాడు. టీచరు తన తప్పు తనదేనని రాసుకుంటే కాదనడానికి నేనెవర్ని, అందావిడ. మీరు రెండుసార్లు పరీక్ష తప్పారట కదా అని ఆయన ఇంకొంచెం గుచ్చాడు.

"తప్పానండీ. రెండుసార్లూ ఆపకూడని చోట ఆపినందుకే తప్పాను. ఆపడం ఒక్కటీ నాకు బాగా వచ్చు." ఆవిడ ముందుకు వంగి ఆ పేజీ మీద వేలు పెట్టింది. "ఈ సంతకం నాది. పక్కన నా ఫోన్ నంబరు ఉంది. కారు నడిపింది నేను. నలుగురికి నొప్పులని నమ్మిన మీరు, నాకు ఒక్క ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

అది ఆడపడుచు జాబితాలో ఏడో ప్రశ్న. ఆయన దాని మీద పసుపుగీత కూడా గీసుకున్నాడు గానీ పక్కన ఏమీ రాయలేదు. కాసేపు కంప్యూటరు కొట్టుకుని, లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంటా టీచరు తన అరిచేతులు చూసుకుంటూ కూర్చుంది.

ఫైలు తిరిగి తెరుస్తున్నాం అన్నాడు వచ్చి. ఆ నలుగురినీ విడివిడిగా పిలిచి ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో అడుగుతారట. ఈలోగా తప్పు ఎవరిదో తేలలేదని కాగితం ఇస్తారు, లైసెన్సుకి అది చాలు. అయితే పాఠం మధ్యలో రాసుకుంటున్నానని ఒప్పుకున్నారు కాబట్టి ఆ సంగతి లైసెన్సు ఆఫీసుకి రాయక తప్పదు, వాళ్ళ దగ్గర్నుంచి ఒక మందలింపు రావచ్చు. రానివ్వండి అంది టీచరు. గుండెల మీంచి అంత బరువు దిగినా ఆవిడకి సంతోషం పూర్తిగా రాలేదు. వాంగ్మూలం కాగితం కళ్ళద్దాలావిడ ముందుకు జరిపారు. 'వాహనం నడిపినవారు' అన్నచోట ఆవిడ తన పేరు పెద్ద అక్షరాలతో రాసి, నిదానంగా సంతకం పెట్టింది.

ఇద్దరూ మెట్లు దిగి వచ్చారు. కింద గేటు దగ్గర టీచరు ఆగి, రేపు పరీక్షకి ఎనిమిదింటికల్లా వచ్చి తీసుకెళ్తానమ్మా, ఎప్పట్లాగే బయట కూర్చుంటాను అంది.

"వద్దండీ. పరీక్షకి కారు ఎలాగూ ఆ ఆఫీసు వాళ్ళదే. బస్సులో వెళ్తాను" అంది కళ్ళద్దాలావిడ.

"కోపం వచ్చిందా అమ్మా?"

"వచ్చింది. పోతుంది లెండి, మీరు మంచివారే." ఆవిడ సంచి భుజానికి సర్దుకుని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "పాసైతే ఫోన్ చేస్తాను. ఫెయిలైనా చేస్తాను. ఫెయిలయ్యానంటే మాత్రం, తప్పు మీదని అనకండి."

అనను, అంది టీచరు.